మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఈల

మొన్న మీ రేడియో క్లబ్బు తరఫున మీరు నలుగురూ మా ఇంటికి వచ్చి, గుట్ట మీద సందేశాలు అందుకుని దూరానికి దాటించే రిపీటర్ యంత్రం నిలబెడుతున్నామనీ, పాతకాలంలో ఈ పనులు ఎట్లా చేసేవారో రాసిమ్మనీ అడిగారు. ప్రారంభోత్సవం నాటి సంచికలో వేస్తామన్నారు. సరదాగా ఉండే సంగతి ఏదైనా రాద్దామనే కూర్చున్నాను. మూడు రోజులు కాగితాలు చింపాక తెలిసింది, నా ఉద్యోగంలో చెప్పితీరవలసింది ఒక్కటే ఉందని. ఇది సంచికలో వేసుకునేది కాదు. వేయకండి. మీరు మాత్రం చదవండి.

మా కాలంలో రిపీటర్ అంటే మనిషి. సూర్యాపేటలో ఆ మనిషిని నేను. పగటిపూట కోదాడ సర్కారు వైర్‌లెస్ సెట్టు మిర్యాలగూడకు సరిగా వినిపించేది కాదు, మిర్యాలగూడది కోదాడకు అందేది కాదు. రెండూ నాకు వినిపించేవి. ఒక చెవితో విని, కాగితం మీద రాసుకుని, మళ్ళీ అదే సందేశాన్ని రెండోవైపు మోర్సులో, అంటే పొట్టి పొడుగు చప్పుళ్ళ అక్షరాల్లో, కొట్టడం నా పని. సందేశంలో ఏముందో నాకు అక్కర్లేదు. అక్షరం పోకుండా అవతలికి దాటిస్తే చాలు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది అది. నిజాం రాజ్యం పోయింది గానీ మా వైపు ఊళ్ళలో భయం పోలేదు. అడవుల్లో కమ్యూనిస్టు దళాలు, రోడ్ల మీద మిలిటరీ లారీలు, ఊరూరా సోదాలు. ఎవరి పేరు ఎవరి నోట బయటికి వస్తుందో తెలియక జనం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే తగ్గించారు. నాకు ఇరవై రెండేళ్ళు. యుద్ధంలో నేర్చుకున్న మోర్సు తప్ప మరో విద్య లేదు. అది నాకు బాగా వచ్చు. ఎంత బాగా వచ్చో నలుగురికీ తెలియాలనే కోరిక కూడా బాగానే ఉండేది.

సందేశాలు దాటించడంతో పాటు మూడు చోట్లా ఏరియల్ స్తంభాలు చూసుకోవడం కూడా నా బాధ్యతే. సర్వి కట్టెలు రెండు పాతి, వాటి మధ్య రాగి తీగ లాగి, రెండు కొసలా పింగాణీ గుల్లలు కట్టేవాళ్ళం. మొదటి వానాకాలంలోనే మిర్యాలగూడ స్తంభం ఒకటి కూలింది. వెళ్ళి చూస్తే మొదలంతా చెదలు తినేశాయి. సూర్యాపేట, మిర్యాలగూడ స్టేషన్ల బ్యాటరీలు ఆ మిర్యాలగూడలోనే ఉన్న చిన్న బియ్యం మిల్లులో, ఆయిల్ ఇంజనుకు కట్టిన డైనమో మీద ఛార్జి చేయించేవాళ్ళం. ఆ ఇంజను డ్రైవరు బ్యాటరీలు దింపడానికి వచ్చి, కూలిన కట్టె పక్కన గొంతుక్కూర్చుని వేలితో గీకి చూశాడు.

"గిట్ల భూమిల పాతితె రెండు వానలకు ఖతం సారు. జర రెండు దినాలు ఆగున్రి. దీనికి ఇనుప సెప్పు సేస్త. కట్టె మన్ను ముట్టుకోదు. కావాల్నంటె పండవెట్టొచ్చు, కావాల్నంటె లేపొచ్చు."

అన్నట్టే చేశాడు. నేలలో ఇనుప దిమ్మె పాతి, దానికి చెప్పు లాంటి గూడు బిగించి, కట్టెను ఒక బోల్టు మీద నిలబెట్టాడు. ఇద్దరు మనుషులు తాళ్ళు పట్టుకుంటే స్తంభం మెల్లగా పడుకునేది, మెల్లగా లేచేది. తరువాత కోదాడలోనూ సూర్యాపేటలోనూ అవే చెప్పులు వేయించాను. పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకే వచ్చింది. అతని పేరు నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అతనిది కోదాడ దగ్గర అనంతగిరి. గొర్రెల మందలు ఉన్న ఇల్లు. నాకన్నా పదేళ్ళు పెద్ద, అయినా నన్ను సారూ అనేవాడు. మంద వదిలి ఇంజను దగ్గరికి ఎందుకొచ్చావని ఒకసారి అడిగాను.

"గొర్రె ఎందుకు అరుస్తదో నాకెన్నడు సమజ్ కాలె సారు. మా అయ్య తిట్టి తిట్టి ఇడిసిపెట్టిండు. ఇంజన్ అట్ల కాదు. యాడ నొస్తుందో సప్పుడుల సెప్తది."

అతని చెవి అట్లాంటిది. బ్యాటరీలు మార్చడానికి సూర్యాపేట వచ్చినప్పుడల్లా నా హెడ్‌ఫోన్ ఒక గుల్ల చెవికి పెట్టుకుని అట్లాగే నిలబడేవాడు. ఈ కటకటలో మాటలు ఎట్లా ఉంటాయని అడిగాడు. నేర్పాను. ఒక్క నెలలో అక్షరాలన్నీ పట్టాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి మాట అర్థమయ్యేది కాదు. కానీ కోదాడ ఆపరేటరు చెయ్యి ఏదో, నా చెయ్యి ఏదో రెండు అక్షరాలు వినగానే చెప్పేసేవాడు. "కోదాడాయన నిమ్మలంగ కొడ్తడు. మీరు ఉరుకుతరు సారు" అనేవాడు.

సొంతంగా వినే సెట్టు ఒకటి కట్టుకుంటానన్నాడు. నేనే బొమ్మ గీసిచ్చాను. ఒక్క వాల్వుతో, అంటే ఒక్క గాజు బుడ్డితో, పని చేసే సెట్టు. మీలో తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. వచ్చిన శబ్దంలో కొంత వెనక్కి తిప్పి మళ్ళీ అదే వాల్వుకు ఇస్తే శబ్దం పెద్దదవుతుంది. ఆ తిప్పడం కొంచెం ఎక్కువైతే సెట్టు తనంతట తానే ఈల వేస్తుంది. ఆ ఈల ఏరియల్ గుండా బయటికి పోయి ఇతరుల సెట్లలోనూ వినిపిస్తుంది. దానితో ఒక్క మాట పంపడానికి కుదరదు. ఊరికే ఈల, అంతే.

వాల్వు కూడా నేనే ఇచ్చాను. మా స్టాకులోది. పగిలిపోయిందని పుస్తకంలో రాసి, గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టాను. మూడు చోట్లా స్తంభాలకు అతను చేసిన పనికి అది ఏ మూలకూ రాదు. అయినా ఆ కాలంలో సర్కారు వాల్వు బయటివాడి చేతికి ఇవ్వడం ఎంత నేరమో నాకు తెలుసు. పైగా దాని అడుగున నా చేత్తో గీసిన స్టాకు నంబరు ఉంది. చెరిపి ఇవ్వాలని తోచలేదు.

వానలు వెనకబట్టాక, దీపాలు పెట్టే వేళల్లో నా సెట్టులో సన్నటి ఈల వినిపించడం మొదలైంది. సరిగ్గా మా స్టేషన్ల తరంగం మీదే. బ్యాటరీ ఆదా కోసం మిర్యాలగూడ స్టేషను పొద్దుగూకక ముందే మూసేవారు కాబట్టి అక్కడివాళ్ళకు ఇది తెలియదు. ఈల కాస్త పెరిగేది, తగ్గేది, ఆగేది. మళ్ళీ వచ్చేది. నాలుగు రోజులు స్టేషను లాగ్‌బుక్కులో రాశాను. చెక్క చట్రం ఒకటి చేసి దానికి తీగ చుట్టాను. అటూ ఇటూ తిప్పితే ఒక దిక్కున శబ్దం పడిపోతుంది. దాన్ని బట్టి ఈల ఏ వైపు నుంచి వస్తోందో చెప్పవచ్చు. సూర్యాపేట నుంచి చూస్తే దక్షిణంగా వచ్చింది. ఆ చట్రం పట్టుకుని మర్నాడు కోదాడ పోయాను.

కోదాడ ఆపరేటరు కోస్తా జిల్లావాడు, పెద్దాయన. రోజూ సందేశాలు అయిపోయాక చివర "భోంచేశావా" అని మోర్సులో కొట్టేవాడు. నియమాల ప్రకారం అది తప్పు. నేను జవాబు ఇవ్వకుండా ఉండలేకపోయేవాణ్ణి. ఆయన నా చట్రాన్ని చూసి నవ్వాడు.

"ఆ ఈల నాకూ వినపడుతోందయ్యా. ఎవడో సరదాపడి సెట్టు కట్టుకున్నాడు, సరిగా తిప్పుకోవడం చేతకావట్లేదు. వదిలెయ్యి."

"మన తరంగం మీద కదండీ వస్తోంది? రాయకపోతే తప్పవుతుంది."

"రాస్తే నీకొచ్చేదేముంది? రోజులు బాగాలేవు. వాడెవడో గానీ వాడి కొంప మునుగుతుంది."

నేను వినలేదు. పగలు అందని తరంగాలు చీకటి పడుతుంటే దూరం పోతాయి; ఆ సాయంత్రం కోదాడ నుంచి దిక్కు పట్టాను. పడమరగా వచ్చింది. మ్యాపు పరిచి రెండు గీతలు గీశాను. రెండూ మిర్యాలగూడ మీద కలిశాయి.

ఆ మిల్లు డ్రైవరు గుర్తుకు రాలేదా అని మీరడుగుతారు. వచ్చాడు. కానీ అంతకు నెల ముందు సెట్టు ఏమైందని అడిగితే, "ఇంకా మోగుత లేదు సారు, అయినంక నేనే సెప్త" అన్నాడు. ఆ మాటను అడ్డం పెట్టుకుని అనుమానాన్ని నెట్టేశాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్క వాల్వు ఈల అంత దూరం రాదని నా లెక్క. నేను నేర్పిన ఏరియల్‌ను అతను నాకంటే బాగా కడతాడని ఆ లెక్కలో లేదు. ఇవన్నీ సరే, అసలు మాట చెప్పాలి. ఆ రెండు గీతలు ఒకచోట కలవడం చూసిన సంతోషంలో నాకు ఇంకేమీ పట్టలేదు. రిపోర్టు శుభ్రంగా రాసి, మ్యాపు జతచేసి పంపాను.

వారం తిరక్కుండా మిర్యాలగూడ క్యాంపు నుంచి పిలుపు వచ్చింది. దొరికిన యంత్రాన్ని పరీక్షించి అభిప్రాయం ఇవ్వాలట. సందేశం నాకే వచ్చింది, నేనే రాసుకున్నాను. మర్నాడు లారీలో కూర్చున్నంతసేపూ అతను కాకూడదని అనుకుంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం ఎండ వరండాలోకి పడుతోంది. బల్ల మీద టీ పెట్టె చెక్కతో చేసిన సెట్టు. తీగ చుట్టలు వెదురు గొట్టానికి చుట్టి ఉన్నాయి. అంత పొందికగా తీగ చుట్టడం నాకు రాదు. అతను కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు అతని రుమాలుతోనే కట్టారు. పెదవి చిట్లి ఉంది. నన్ను చూడగానే ముఖం తేటపడింది. పక్కనున్న జవానుతో, "గిదో, సారు వచ్చిండు. సారుకు అన్ని ఎరుకె" అన్నాడు.

క్యాంపు అధికారి ఎక్కడో దూరం నుంచి వచ్చినవాడు. ఇంగ్లీషులో అడిగేవాడు, ఒక జమాదారు తెలుగులోకి మార్చేవాడు. నా ఎదుటే మళ్ళీ అడిగాడు, వాల్వు ఎక్కడిదని.

అతను నా వైపు చూడలేదు. బల్ల కాళ్ళ వైపు చూస్తూ, "బెజవాడ పాత సామాన్ల బజార్ల తీస్కున్న" అన్నాడు.

"కట్టడం ఎవరు నేర్పారు?"

"ఎవ్వలు నేర్పలె. సూసి సేసిన."

యంత్రాన్ని పరీక్షించమన్నారు. వాల్వు ఊడదీశాను. అడుగున నా నంబరు. బొటనవేలితో రుద్దాను. గీత లోతుగా ఉంది, పోలేదు. మళ్ళీ గూట్లో దిగ్గొట్టాను. చుట్టల్లో వరసలు లెక్కపెడితే ఇంకో సంగతి తెలిసింది. ఆ సెట్టును బెజవాడ రేడియో పాటల కోసం కట్టలేదు. సరిగ్గా మా మూడు స్టేషన్ల తరంగానికే కట్టాడు. తరంగాన్ని బట్టే ఏరియల్ తీగ పొడవు ఉంటుంది; మా తీగ ఎన్ని మూరలో అతనికి తెలుసు. ఎన్నోసార్లు తనే కొలిచి కట్టాడు.

అధికారి అడిగాడు: "దీని నుంచి తరంగాలు బయటికి వెళతాయా?"

"వెళతాయి. కానీ..."

"నేను అడిగింది వెళతాయా లేదా అని."

"వెళతాయి."

కాగితం నా ముందు పెట్టారు. మూడు వాక్యాలు రాశాను. యంత్రం పరీక్షించాను, మా తరంగానికి సరిపడేట్టు ఉంది, దీని నుంచి తరంగాలు వెలువడతాయి. మూడూ నిజాలే. కాగితం కింద సగం ఖాళీగా ఉంది. ఇది వినడానికే తప్ప మాట పంపడానికి పనికిరాదు అని ఇంకొక్క వాక్యం రాయాలి. కలం నా చేతిలోనే ఉంది. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. ఆ వాక్యం రాస్తే, రుజువు చూపించమంటారు, సెట్టు ముక్కముక్కలుగా విప్పిస్తారు, నంబరు చూస్తారు, స్టాకు పుస్తకం తెప్పిస్తారు. ఇదంతా ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగింది. సంతకం పెట్టాను.

మెట్లు దిగుతుంటే అతను వెనక నుంచి పిలిచాడు.

"సారు, ఈల సంగతి సెప్పిన్రా? అది ఉత్త ఈలనే అని?"

"చెప్పాను" అన్నాను.

"ఇగ పరేషాన్ లేదు" అన్నాడు జవానుతో.

రెండు రోజుల తరువాత అతన్ని ఇంకొంతమందితో కలిపి లారీలో జైలుకు తీసుకుపోయారు. నేను అనుకునేవాణ్ణి, నెలకో రెండు నెలలకో వదిలేస్తారులే అని. ఎవరినైనా కలిసి చెప్పాలని కూడా అనుకునేవాణ్ణి. ఎవరిని కలవాలో ఆలోచిస్తూనే ఎండాకాలం వచ్చింది. కోదాడలో తాళ్ళు మార్చడానికి వెళ్ళినప్పుడు పెద్దాయన చెప్పాడు.

"నీ మిల్లు డ్రైవరు పోయాడటయ్యా. జైల్లో విరేచనాలు పట్టుకున్నాయట. వాళ్ళ ఊరివాళ్ళు వెళ్ళేసరికే అంతా అయిపోయిందట."

నేను ఏమైనా చెబుతాననుకున్నాడేమో, నా ముఖంలోకి చూశాడు. తరువాత లేచి బ్యాటరీలు సర్దుకున్నాడు. ఆ రోజు నుంచి కోదాడ నుంచి సందేశాలు మాత్రమే వచ్చేవి. ఆఖరి అక్షరం కొట్టగానే సెట్టు ఆగిపోయేది. భోంచేశావా అని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేకపోయాను.

ఇంకో ఏడాదిన్నర మిర్యాలగూడ స్తంభాన్ని నేనే దింపి, నేనే లేపాను. ఇనుప చెప్పు ఎన్నడూ మొరాయించలేదు. తరువాత వేరే జిల్లాకు బదిలీ చేయించుకున్నాను.

పదిహేనేళ్ళు గడిచాక బదిలీ మీద మళ్ళీ సూర్యాపేట వచ్చాను. ఒక ఉదయం ఆఫీసు వరండాలో ఒక స్త్రీ కూర్చుని ఉంది. అతని భార్య అని చెప్పుకుంది. నేను ఆమెను ఒకటి రెండు సార్లు మిల్లు దగ్గర చూశాను గానీ గుర్తుపట్టలేదు. కొడుక్కు సర్కారు ఉద్యోగం వచ్చే వీలుందట. పోలీసు విచారణలో తండ్రి దొంగ రేడియో నడిపి దళాలకు కబుర్లు పంపాడని పాత కాగితం బయటపడిందట.

"ఆయన ఏం పంపలేదని ఒక కాయితం రాసియ్యి సారు. నీకు తప్ప ఎవ్వలకు ఎరుక లేదు."

ఈసారి రాశాను. ఐదు పేజీలు. ఆ సెట్టు ఎట్లా పని చేస్తుంది, ఈల ఎందుకు వస్తుంది, బొమ్మ గీసింది నేను, వాల్వు ఇచ్చింది నేను, పగిలిందని రాసింది నేను, భయపడి ఒక వాక్యం రాయకుండా వదిలేసింది నేను. ఉద్యోగం పోతుందని తెలిసే రాశాను. పోతే బాగుండునని కూడా ఉంది.

నాలుగు నెలలకు పోలీసు శాఖ నుంచి జవాబు వచ్చింది. యంత్రం నుంచి తరంగాలు వెలువడతాయని ఆనాడు ధ్రువీకరించింది మీరే, అది అబద్ధమని ఇప్పుడు అంటున్నారా అని అడిగారు. అబద్ధం కాదు, పూర్తి నిజం కాదు అని రాశాను. అయితే పాత నిర్ణయం మార్చవలసిన అవసరం కనిపించడం లేదని రెండు వాక్యాలతో ముగించారు. వాల్వు సంగతి ఎవరూ అడగలేదు. ఒక సంజాయిషీ కూడా కోరలేదు. ఏ భయంతో నేను కలం ఆపానో, ఆ నేరం ఎవరికీ పట్టలేదు.

ఆ ఉత్తరం పట్టుకుని అనంతగిరి వెళ్ళాను. ఊరి బయట ఆమె మంద తోలుకుంటూ ఎదురొచ్చింది. చదివి వినిపించాను. ఉద్యోగం రాదని తెలిశాక, "పోనియ్యి. గొర్లున్నయి గదా" అంది.

అప్పుడు చెప్పాను. వాల్వు నాదని, దాన్ని దాచుకోవడానికే ఆయన్ను వదిలేశానని.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకె సారు. ఆయన నీ గురించి రోజు సెప్తుండె. దీపాలు వెట్టంగనే గా గుల్లలు సెవులకు వెట్టుకుని, సూర్యాపేట సారు ఉరుకుతుండు సూడు అని నవ్వుకుంటుండె. నువ్వు గీసిన కాయితం గూడ సిపాయిలు వచ్చిన్నాడు నేనే పొయ్యిల ఏసిన."

"మరి అప్పుడు నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?"

"సెప్పొద్దన్నడు. సారు బయటుంటెనే గదా మనల ఇడిపిస్తడు అన్నడు."

గొర్రె ఒకటి పక్క చేలోకి దూరింది. అదిలిస్తూ ఆమె అటు పోయింది. ఆమె మళ్ళీ వచ్చేదాకా ఉండలేక రోడ్డు వైపు నడిచాను. ఆ తరువాత నా సర్వీసు ఇంకా పద్దెనిమిదేళ్ళు సాగింది.